తరువాతి మ్యాక్ మినీలో ఏముంటుందో ముందే చెప్పవచ్చా?

కొత్త ఐఫోన్ సెప్టెంబరులో వస్తుందని మొబైల్ వాడే ప్రతివారికీ తెలుసు. మ్యాక్ మినీ విషయంలో అలాంటి క్యాలెండర్ ఏదీ లేదు. 2005లో పుట్టిన ఆపిల్ వారి ఈ చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకసారి ఏడు నెలలకే కొత్త భాగాలతో మార్కెట్‌లోకి వచ్చింది, మరొకసారి నాలుగేళ్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. అందువల్ల మినీ కొనాలనుకున్న ప్రతివారికీ ఒకటే సందేహం: ఇప్పుడే కొనాలా, లేక కొత్తది వచ్చేదాకా ఆగాలా? ఆ సందేహమే ఇరవై ఏళ్లుగా ఎడతెగని ఊహాగానాలకు మూలమైంది. ఏ ప్రాసెసర్ వస్తుంది, మెమరీ ఎంత పెరుగుతుంది, పెట్టె ఆకారం మారుతుందా, అసలు ఈ మోడల్‌ను కొనసాగిస్తారా లేదా అన్న ప్రశ్నలపై వెలువడిన అంచనాలలో నిజమైనవి కొన్నే.

ఆ అంచనాలు గురి తప్పింది సమాచారం దొరకక కాదని నేను అనుకుంటున్నాను. మినీలో ఏముంటే బాగుంటుందో ఆలోచించి, అదే వస్తుందని నమ్మడం వల్లనే చాలా ఊహలు బోల్తా కొట్టాయి. మినీ తనకోసమే తయారైన భాగాలతో నడిచే యంత్రం కాదు. ఒక్క సందర్భం మినహా అది ఎప్పుడూ ఆపిల్ మరొక పరికరం కోసం, ముఖ్యంగా ల్యాప్‌టాప్ కోసం, సిద్ధం చేసుకున్న భాగాలతోనే వచ్చింది. కాబట్టి తరువాతి మినీ ఎలా ఉంటుందో తెలియాలంటే మినీ గురించిన వార్తలకంటే ముందు ఆపిల్ ల్యాప్‌టాప్‌లైన మ్యాక్‌బుక్‌ల వైపు చూడాలి, ఆ తరువాత ఆపిల్ ధరల పట్టికలో మినీకి పైన ఏ యంత్రం కూర్చుని ఉందో చూడాలి. ఈ రెండింటినీ కలిపి చూస్తే గతంలో జరిగిన మార్పులలో ఎక్కువ భాగానికి కారణం దొరుకుతుంది; దొరకనివి ఎందుకు దొరకలేదో కూడా తెలుస్తుంది.

2005 జనవరి 11న శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ మొదటి మినీని చూపించినప్పుడు దాని ధర 499 డాలర్లు. డిస్‌ప్లే, కీబోర్డు, మౌస్ కొనేవారే తెచ్చుకోవాలి. పదహారున్నర సెంటీమీటర్ల చదరంలో, ఐదు సెంటీమీటర్ల ఎత్తులో ఇమిడిన ఆ పెట్టెలో ల్యాప్‌టాప్‌లలో వాడే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్, 1.25 గిగాహెర్ట్జ్ పవర్‌పీసీ జీ4 ప్రాసెసర్ ఉండేవి. ర్యామ్‌కు ఉన్నది ఒకటే స్లాట్, గరిష్ఠం 1 జీబీ. ఆ ర్యామ్ మార్చుకోవాలన్నా పెట్టెకు ఒక్క స్క్రూ కూడా పైకి కనిపించదు; పెయింటర్లు గోడకు పుట్టీ పట్టే పలుచని రేకును అడుగు అంచున దూర్చి, లోపలి ప్లాస్టిక్ క్లిప్పులను ఒక్కొక్కటిగా ఊడదీయవలసి వచ్చేది. అప్పటికే ఆపిల్ పెద్ద డెస్క్‌టాప్‌లైన ఐమ్యాక్‌లోనూ పవర్ మ్యాక్‌లోనూ జీ5 ప్రాసెసర్ ఉంది కాబట్టి, మినీకి కూడా త్వరలోనే జీ5 వస్తుందని ఆశపడినవారు లేకపోలేదు. జీ5 వేడిని భరించగల ల్యాప్‌టాప్‌ను ఆపిల్ ఎన్నడూ తయారు చేయలేకపోయింది. ల్యాప్‌టాప్‌లోకి రాని ఆ చిప్ మినీలోకీ రాలేదు. అరచేయి వెడల్పు పెట్టెలో ఒక చిన్న ఫ్యాను వెళ్లగొట్టగల వేడికి హద్దు ఉంటుంది, ఆ హద్దు దాదాపుగా ల్యాప్‌టాప్ హద్దే.

2006 ఫిబ్రవరి 28న ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన రెండో తరానికీ ఇదే వర్తించింది. కోర్ సోలో, కోర్ డుయో రెండూ ల్యాప్‌టాప్ చిప్‌లే. మెమరీని ప్రధాన ర్యామ్ నుంచే పంచుకునే ఇంటెల్ గ్రాఫిక్స్ తప్ప వేరే గ్రాఫిక్స్ చిప్ లేదు. ధర 599 డాలర్లకు పెరిగింది. ఈ తరంలో ప్రాసెసర్ సాకెట్‌లో ఉండేది కాబట్టి, చేతివాటం ఉన్న ఔత్సాహికులు దాన్ని తీసి కోర్ 2 డుయో అమర్చుకున్నారు. కొనుగోలుదారు ప్రాసెసర్‌ను మార్చుకోగలిగిన అరుదైన కాలం అది, మళ్లీ రాలేదు.

2007 ఆగస్టు నాటి చిన్న మార్పు తరువాత మినీ పంతొమ్మిది నెలలు అలాగే ఉండిపోయింది. ఇక దీన్ని అటకెక్కించేశారన్న మాట 2008లో బలంగా వినిపించింది. అదే ఏడాది అక్టోబరులో కొత్త అల్యూమినియం మ్యాక్‌బుక్‌లలోకి ఎన్‌విడియా జీఫోర్స్ 9400ఎం గ్రాఫిక్స్ వచ్చింది. ఇంటెల్ ఇచ్చే గ్రాఫిక్స్ కంటే ఎన్నో రెట్లు మెరుగైన ఆ భాగం ల్యాప్‌టాప్ వేడి పరిమితికి లోబడే పనిచేసింది. ఆ రోజు మ్యాక్‌బుక్ లోపలి బోర్డును శ్రద్ధగా చూసినవారికి తరువాతి మినీ దాదాపు కనిపించినట్టే. 2009 మార్చి 3న వచ్చిన మినీలో సరిగ్గా ఆ 9400ఎం ఉంది. ఆ తరువాత జీఫోర్స్ 320ఎం 2010 ఏప్రిల్‌లో 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలోకి వచ్చి జూన్‌లో మినీకి చేరింది. ఇంటెల్ ప్రాసెసర్ తరమైన శాండీ బ్రిడ్జ్ 2011 ఫిబ్రవరిలో మ్యాక్‌బుక్ ప్రోకు, జూలైలో మినీకి. దాని తరువాతి తరం ఐవీ బ్రిడ్జ్ 2012 జూన్‌లో అక్కడికి, అక్టోబరులో ఇక్కడికి. వ్యవధి రెండు నెలల నుంచి ఐదు నెలలు. ఈ కాలంలో మినీ గురించి ఊహించడం నిజానికి చాలా తేలిక, అయినా డెస్క్‌టాప్ ప్రాసెసర్ వస్తుందని ఆశలు అల్లుతూనే వచ్చారు.

2014 అక్టోబరు 16 నాటి మినీని కొంచెం వివరంగా చూడాలి. చాలామంది ఇప్పటికీ దాన్ని ఆపిల్ నిర్లక్ష్యానికి ఉదాహరణగా చెబుతారు. రెండేళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవారికి అందులో నాలుగు కోర్ల (లెక్కలు చేసే విభాగాల) ప్రాసెసరే దొరకలేదు. 2012 నాటి క్వాడ్ కోర్ మినీ అన్ని కోర్లనూ వాడుకునే పనులలో కొత్తదాన్ని ఓడించింది. పైగా ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు. దానితో పాత క్వాడ్ కోర్ మినీలకు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో గిరాకీ పెరిగింది. ధర మాత్రం మళ్లీ 499 డాలర్లకు దిగింది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఇంటెల్ చిప్‌ల నిర్మాణంలోకి వెళ్లాలి. ఐవీ బ్రిడ్జ్ తరంలో రెండు కోర్ల చిప్‌కూ నాలుగు కోర్ల చిప్‌కూ పక్కన అదే చిప్‌సెట్ (పోర్టులనూ డిస్కులనూ ప్రాసెసర్‌తో కలిపే చిప్) సరిపోయేది, కాబట్టి మినీ బోర్డును ఇంచుమించు ఒకే నమూనాలో తయారుచేసి రెండు రకాల చిప్‌లనూ వాడుకునే వీలుండేది. హాస్వెల్ తరానికి వచ్చేసరికి తక్కువ విద్యుత్తుతో నడిచే రెండు కోర్ల చిప్‌లలో చిప్‌సెట్ కూడా ప్రాసెసర్ ప్యాకేజీలోనే కలిసిపోయింది. నాలుగు కోర్ల చిప్‌లకు మాత్రం అది విడిగానే ఉండిపోయింది. రెండూ కావాలంటే పూర్తిగా వేరైన రెండు బోర్డులు రూపొందించాలి. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, మ్యాక్‌బుక్ ఎయిర్ రెండూ అప్పటికే రెండు కోర్ల హాస్వెల్ చిప్‌లతో నడుస్తున్నాయి. ఆ చిప్‌లే మినీలోకి వచ్చాయి: చవక మోడల్‌కు ఎయిర్‌లోని 1.4 గిగాహెర్ట్జ్ చిప్, పై మోడళ్లకు ప్రోలోని చిప్‌లు. తక్కువగా అమ్ముడుపోయే యంత్రానికి రెండో బోర్డు ఖర్చు ఆపిల్ పెట్టలేదని నేను అర్థం చేసుకుంటున్నాను. అది కొనుగోలుదారుకు న్యాయం కాదు, ముఖ్యంగా పాత మినీని సర్వర్‌గా, ఆడియో స్టూడియోలో వాడుకుంటున్నవారికి. కానీ ఊహించలేని విషయం కూడా కాదు. ఏడాది ముందే 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఏ చిప్ ఉందో చూసి ఉంటే క్వాడ్ కోర్ ఆశ సన్నగిల్లి ఉండేది.

ఆ తరువాత నాలుగేళ్లు ఏమీ రాలేదు. 2017 అక్టోబరులో ఒక వినియోగదారుడు రాసిన ఈమెయిల్‌కు ఆపిల్ సీఈఓగా టిమ్ కుక్ జవాబిస్తూ, మున్ముందు తమ ఉత్పత్తులలో మినీకి ముఖ్యమైన చోటే ఉంటుందని చెప్పడం ఆ కాలంలో దొరికిన కొద్దిపాటి అధికారిక భరోసాలలో ఒకటి. 2018 అక్టోబరు 30న వచ్చిన మోడల్ నేను పైన చెప్పిన మినహాయింపు. దానిలోవి ల్యాప్‌టాప్ చిప్‌లు కావు, 65 వాట్ల డెస్క్‌టాప్ తరగతి చిప్‌లు, ఆరు కోర్ల దాకా. ర్యామ్ మళ్లీ స్లాట్లలోకి వచ్చింది, 64 జీబీ వరకు పెట్టుకోవచ్చు. 10 గిగాబిట్ ఈథర్‌నెట్ ఎంచుకోవచ్చు. ఇవన్నీ ఇంటి బల్లమీద వాడేవారికంటే, ఐఫోన్ యాప్‌లను బిల్డ్ చేయడానికి ర్యాకుల నిండా మినీలను పేర్చుకునే సంస్థలకు అవసరమైనవి. ఆ మినహాయింపు ఉచితంగా రాలేదు: ప్రారంభ ధర 499 నుంచి 799 డాలర్లకు ఎగబాకింది. గ్రాఫిక్స్ విషయంలో మాత్రం ఆ మినీ బలహీనంగానే మిగిలిపోయింది.

2020 జూన్‌లో ఆపిల్ తన సొంత చిప్‌లకు మారుతున్నట్టు ప్రకటించి, డెవలపర్లకు 500 డాలర్లకు ఒక పరీక్షా యంత్రాన్ని ఇచ్చింది. అది మినీ పెట్టెలో పెట్టిన ఐప్యాడ్ ప్రో చిప్, ఏ12జెడ్. పని పూర్తయ్యాక తిరిగి ఇచ్చేయాలన్నది షరతు. ఆ ఒక్క యంత్రాన్ని చూస్తేనే మినీ రాబోయే రోజుల్లో ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. అదే ఏడాది నవంబరు 10న ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్, 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, మినీ మూడింటిలోనూ ఒకే రోజున వచ్చింది. గరిష్ఠ విద్యుత్ వినియోగం 2018 మోడల్‌లో 122 వాట్లు ఉండగా ఎం1 మినీలో 39 వాట్లకు పడిపోయింది. ఇంటెల్ కాలంలో నెలల తరబడి ఉండే వ్యవధి మాయమైనట్టే కనిపించింది.

నిజానికి అది మాయం కాలేదు, కొత్త లెక్క వచ్చి చేరింది. 2021 అక్టోబరులో ఎం1 ప్రో, ఎం1 మ్యాక్స్ చిప్‌లతో మ్యాక్‌బుక్ ప్రోలు వచ్చాక, వాటితోనే పై స్థాయి మినీ వస్తుందని దాదాపు అందరూ నమ్మారు. అంతకు ముందే ఒక యూట్యూబ్ ఛానల్‌లో పలుచని పెట్టె, మెరిసే పైకప్పు, అయస్కాంతంతో అతుక్కునే పవర్ కేబుల్ ఉన్న బొమ్మలు కూడా చూపించారు. ల్యాప్‌టాప్‌ను చూడాలన్న సూత్రం ప్రకారం ఆ నమ్మకం సమంజసమే. అయినా ఆ మినీ రాలేదు. 2022 మార్చి 8న దాని బదులు మ్యాక్ స్టూడియో వచ్చింది, 1,999 డాలర్ల ప్రారంభ ధరతో. మినీ భుజాల మీద మోయించాలనుకున్న బరువును ఆపిల్ మరో పెట్టెకు ఎత్తి, దానికి మరో ధర పెట్టింది. పై స్థాయి మినీగా పాత ఇంటెల్ మోడలే 2023 జనవరి దాకా అమ్మకంలో కొనసాగింది. ఆ నెల 17న ఎం2 మినీతోపాటు ఎం2 ప్రో మినీ, అదే చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రోలతో ఒకే రోజున వచ్చింది. అప్పటి నుంచి హద్దు స్పష్టమైంది: ప్రో చిప్ వరకు మినీ, మ్యాక్స్ చిప్ నుంచి స్టూడియో. మ్యాక్స్ చిప్‌తో మినీ వస్తుందని ఎవరైనా చెబితే, స్టూడియోను ఎవరు కొంటారో కూడా వారు చెప్పవలసి ఉంటుంది.

2023 అక్టోబరులో ఎం3 చిప్‌లు వచ్చాయి, మినీకి మాత్రం రాలేదు. ఐమ్యాక్ కూడా ఎం2ను దాటవేసి అప్పుడే ఎం1 నుంచి నేరుగా ఎం3కు వెళ్లింది. కాబట్టి ల్యాప్‌టాప్‌ను చూసి మినీలోకి ఏది రాగలదో చెప్పవచ్చు కానీ, తప్పక వస్తుందని చెప్పలేము. నా పద్ధతికి ఇది నిజమైన పరిమితి. ఏడాదికో చిప్ వస్తున్నా, తక్కువగా అమ్ముడుపోయే డెస్క్‌టాప్‌కు ప్రతి ఏడాదీ కొత్త బోర్డు తయారుచేయడం ఆపిల్‌కు అవసరమనిపించలేదు. ఎం1 నుంచి ఎం2కు ఇరవై ఆరు నెలలు, ఎం2 నుంచి ఎం4కు ఇరవై ఒక్క నెలలు పట్టాయి.

ఇక వార్తల విషయం. అన్నింటినీ గాలి వార్తలుగా కొట్టిపారేయడం ఎంత తప్పో, అన్నింటినీ ఒకే తూకంతో నమ్మడం కూడా అంతే తప్పు. 2024 ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ విలేకరి మార్క్ గుర్మన్, రాబోయే మినీ ఆపిల్ టీవీ పెట్టె పరిమాణానికి దగ్గరగా ఉంటుందనీ, పాతదానికంటే కాస్త ఎత్తు పెరగవచ్చనీ రాశారు. అక్టోబరు 29న వచ్చిన ఎం4 మినీ 12.7 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల ఎత్తు, పాతది 19.7 సెంటీమీటర్ల చదరం, 3.6 ఎత్తు. కొలతలు విన్నప్పుడు ఎత్తు పెరగడం విడ్డూరంగా అనిపించినా, ఆ వివరమే ఆ కథనానికి విలువ తెచ్చింది. కోరికలోంచి పుట్టే ఊహలో పెట్టె ఎప్పుడూ పలుచబడుతుంది. లోపల పవర్ సప్లై, ఫ్యాను, బోర్డు ఒకదానిపై ఒకటి పేర్చవలసి వస్తే ఎత్తు పెరుగుతుందన్నది యంత్రాన్ని తెలిసినవారి నుంచి వచ్చే సమాచారం. అలా ఎవరూ కోరుకోని వివరం ఒకటి ఉన్న వార్తను నేను ఎక్కువగా నమ్ముతాను.

ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లోనే పొరపాటున బయటపడే మోడల్ గుర్తులు, ఎన్‌క్రిప్షన్ ఉన్న పరికరాలను ముందుగా నమోదు చేయవలసిన యురేషియన్ ఆర్థిక కమిషన్ జాబితాలు ఇంకా గట్టి ఆధారాలు. అయితే అవి యంత్రం ఉందని చెబుతాయి కానీ ఎలా ఉంటుందో చెప్పవు. ఆన్‌లైన్ స్టోర్‌లో డెలివరీ తేదీలు వారాల తరబడి వెనక్కి జరగడం ఒక సూచనే, కానీ భాగాల కొరత వల్ల కూడా అలా జరుగుతుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో గీసిన అందమైన బొమ్మలకు నేను విలువ ఇవ్వను.

పెట్టె మారడానికి పద్నాలుగేళ్లు ఎందుకు పట్టిందన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2010 నాటి పెట్టెలో మొదట డీవీడీ డ్రైవ్ ఉండేది, తరువాత రెండు హార్డ్ డిస్కులకు చోటుండేది. ఎం1 వచ్చాక మూత తీసినవారికి లోపల కనిపించింది చాలావరకు ఖాళీయే. అయినా అదే పెట్టె కొనసాగడానికి, అచ్చులు ఎప్పుడో సిద్ధమై ఉండటంతోపాటు, ఆ కొలతకు తగ్గట్టు ర్యాకులు తయారుచేసుకున్న క్లౌడ్ సంస్థలు కూడా ఒక కారణమై ఉంటాయని నా అంచనా. అమెజాన్ వెబ్ సర్వీసెస్ కూడా 2020 చివర్లో మ్యాక్‌లను అద్దెకివ్వడం మినీలతోనే మొదలుపెట్టింది. రమారమి 1.4 లీటర్ల పరిమాణం 0.8 లీటర్లకు తగ్గిన కొత్త పెట్టె ఒకసారి వచ్చింది కాబట్టి, దానికి కూడా దీర్ఘాయుష్షే ఉంటుందనుకోవాలి. పవర్ బటన్ అడుగున ఉండటం చాలామందికి నచ్చలేదు, దాన్ని మారుస్తారన్న ఆశలు కూడా వినిపిస్తున్నాయి. ఒక్క బటన్ కోసం కొత్త అచ్చు పోస్తారని నేను అనుకోను.

ఈ పద్ధతిని ఎం4 తరువాతి చిప్‌కు వర్తింపజేసి చూద్దాం. ఎం5 చిప్ 2025 అక్టోబరులో 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో వచ్చింది. సీపీయూలో పది కోర్లు, గ్రాఫిక్స్‌లో పది కోర్లు, 32 జీబీ దాకా మెమరీ అన్నవి ఎం4లో ఉన్నట్టే ఉన్నాయి. తేడా రెండు చోట్ల ఉంది. ప్రతి గ్రాఫిక్స్ కోర్‌లోనూ కృత్రిమ మేధ లెక్కల కోసం ఒక ప్రత్యేక విభాగం చేరింది. మెమరీ నుంచి సమాచారం ప్రవహించే వేగం సెకనుకు 120 జీబీ నుంచి 153 జీబీకి పెరిగింది. ఈ రెండో అంకె మీద చర్చ తక్కువగా జరుగుతోంది కానీ, చాట్‌బాట్‌లను నడిపే భాషా నమూనాలను (మోడళ్లను) ఇంటి కంప్యూటర్‌లోనే నడపాలనుకునేవారికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

కారణం సులువే. ఒక భాషా మోడల్ జవాబు రాసేటప్పుడు ఒక్కొక్క టోకెన్‌కు, అంటే ఒక్కొక్క పదశకలానికి, తన మొత్తం అంకెల భాండాగారాన్ని మెమరీ నుంచి ఒకసారి చదవవలసి ఉంటుంది. 800 కోట్ల పారామీటర్లున్న, అంటే అన్ని అంకెలున్న, మోడల్‌ను ఒక్కో అంకెకు సుమారు నాలుగు బిట్లకు కుదిస్తే అది సుమారు 4.5 జీబీ ఉంటుంది. సెకనుకు 120 జీబీ చదివే ఎం4లో గరిష్ఠంగా 26 లేదా 27 టోకెన్లు, 153 జీబీ చదివే ఎం5లో 34, సెకనుకు 273 జీబీ చదివే ఎం4 ప్రోలో 60 టోకెన్లు సాధ్యం. వాస్తవంలో వచ్చేవి ఇంతకంటే తక్కువే, కానీ నిష్పత్తి ఇదే. కొత్త మామూలు చిప్ పాత ప్రో చిప్‌ను ఈ పనిలో దాటలేదని దీనితో తేలిపోతుంది. పెద్ద ప్రశ్నపత్రాన్నో, పొడవైన పత్రాన్నో మొదట చదివి అర్థం చేసుకునే దశలో మాత్రం ఎం5లోని కొత్త విభాగాలు బాగా పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ అడ్డంకి మెమరీ కాదు, లెక్కల వేగం. తెలుగులో పనిచేసేవారు మరొక్కటి గమనించాలి. చాలా మోడళ్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ వాక్యంకంటే ఎక్కువ టోకెన్లుగా విడగొడతాయి, కాబట్టి అదే టోకెన్ల వేగంలో తెలుగు జవాబు నెమ్మదిగా వస్తుంది. మనకు ప్రవాహ వేగం అవసరం మరికాస్త ఎక్కువ.

వైఫై విషయంలో కూడా ల్యాప్‌టాప్‌నే చూడాలి. ఆపిల్ సొంతంగా తయారుచేసిన ఎన్1 చిప్, వైఫై 7తో సహా, 2025 సెప్టెంబరులో ఐఫోన్ 17లోకి వచ్చింది. అయినా మరుసటి నెల వచ్చిన ఎం5 మ్యాక్‌బుక్ ప్రో పాత వైఫై 6ఈతోనే వచ్చింది. బయటి పరికరాలను అతివేగంగా కలిపే థండర్‌బోల్ట్ 5 పోర్టు కూడా అందులో లేదు. అది ఎం4 తరంలో లాగే ప్రో చిప్‌లకు చెందిన వసతి. ప్రారంభ మెమరీ 24 జీబీకి పెరుగుతుందన్న ఆశను నేను పంచుకోలేను. 2024 అక్టోబరులో 8 నుంచి 16 జీబీకి పెంచినప్పుడు మెమరీ చవకగా ఉంది. 2025 చివరికి డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని మళ్లించడంతో ధరలు మండిపోయాయి. మెమరీ తయారీ సంస్థ మైక్రాన్, క్రూషియల్ పేరుతో సాగే తన వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి కాలంలో ఉన్నది తగ్గకపోతే చాలు.

కొనేవారికి అన్నిటికంటే ఉపయోగపడే ప్రశ్న మాత్రం వేరు: తరువాత మార్చుకోలేనిది ఏది? ఎం1 నుంచి మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంది, దాన్ని పెంచే మార్గం ఏదీ లేదు. ఎం4 మినీలో ఎస్‌ఎస్‌డీ మాత్రం ఊడదీయగల చిన్న కార్డుగా ఉంది. అయితే అది మార్కెట్‌లో దొరికే ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ (ఈ పేరుకు ఎం2 చిప్‌తో సంబంధం లేదు) కాదు. దాని మీద ఉన్నవి ఫైళ్లను నిల్వచేసే ఫ్లాష్ చిప్‌లు మాత్రమే, వాటిని నడిపే కంట్రోలర్ ఎం4 లోపల ఉంటుంది. బయటి కంపెనీలు తయారుచేసే కార్డును అమర్చినా, మరొక మ్యాక్‌ను కేబుల్‌తో కలిపి సిస్టమ్‌ను మొదటి నుంచి రీస్టోర్ చేస్తే తప్ప యంత్రం లేవదు. ఎం4, ఎం4 ప్రో కార్డులు ఒకదానికొకటి సరిపోవు కూడా. ఆ శ్రమ వద్దనుకునేవారికి థండర్‌బోల్ట్ పోర్టుకు తగిలించే బయటి ఎస్‌ఎస్‌డీ ఉంది. వీడియో ఎడిటింగ్ ఫైళ్లను దానిమీదే ఉంచి పనిచేసుకోవచ్చు.

మన దేశంలో ఎం4 మినీ విడుదల నాటి ధర 59,900 రూపాయలు, 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీతో. అప్పట్లో స్టోరేజీని 512కు పెంచితే 20,000 ఎక్కువ, మెమరీని 24కు పెంచినా 20,000 ఎక్కువ. విడుదల నాడు అమెరికాలో 599 డాలర్లున్న ఆ యంత్రాన్ని అక్కడి బంధువులచేత తెప్పించుకునేవారు రాష్ట్ర అమ్మకపు పన్నును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పవర్ సప్లై 240 వోల్టులకు కూడా పనిచేస్తుంది, గోడకు పెట్టే తీగ ఒక్కటే మార్చుకోవాలి. ఐఫోన్ యాప్‌లు రాయడానికి ఎక్స్‌కోడ్ కోసమే మినీ కొనే హైదరాబాద్, విశాఖ విద్యార్థులకు ప్రారంభ మోడల్ చాలు, కొత్త చిప్ కోసం నెలల తరబడి చదువు ఆపుకోవలసిన పని లేదు. ఒకే ఒక్క 20,000 ఖర్చు పెట్టగలిగితే మాత్రం దాన్ని స్టోరేజీ మీద కాక, స్టోర్‌లో ఆర్డర్ చేసేటప్పుడే మెమరీ మీద పెట్టాలి. 16 జీబీలో గ్రాఫిక్స్ విభాగాన్ని సిస్టమ్ మామూలుగా వాడుకోనిచ్చేది మూడింట రెండు వంతులే, సిమ్యులేటర్, బ్రౌజర్, ఒక చిన్న భాషా మోడల్ కలిసి దాన్ని ఇట్టే నింపేస్తాయి.